ఆపన్నుల కుటీరం

స్విట్జర్లాండ్, ఇటలీ దేశాల సరిహద్దున 4478 మీటర్ల ఎత్తున వెలసిన శిఖరం మాటర్‌హార్న్. 1865లో ఏడుగురు సాహసికులు దానిని తొలిసారి అధిరోహించారు. అవరోహణవేళ ఒకరు కాలుజారగా, తాడు తెగి నలుగురు అసువులు బాశారు.

వారు నడిచిన హోర్న్‌లీ కొండవెన్నుపైనే, 4003 మీటర్ల ఎత్తున, 1915లో ఒక చిన్న కొయ్య కుటీరం నిర్మితమైంది. బెల్జియం రసాయన శాస్త్రవేత్త, పారిశ్రామికవేత్త ఎర్నెస్ట్ సాల్వే వితరణకు గుర్తుగా అది ఆయన పేరనే ప్రసిద్ధమైంది. అందులో పదిమందికే చోటు. అది విహారులకు విడిది కాదు. తుఫానులో చిక్కినవారికీ, గాయపడినవారికీ, శక్తి ఉడిగినవారికీ ఉద్దేశించిన శరణాలయం. ఆపద లేనివాడు ఆ చోటును ఆక్రమిస్తే, ఆపన్నుడు మంచులో మిగిలిపోవచ్చు. కావలివాడు లేని ఆ కుటీరానికి పర్వతారోహకుల ధర్మబుద్ధియే కాపు.