మూడు కొయ్య సిలువలు

పాఠ్యభాగములు: యెహోషువ 2, రూతు 2, మత్తయి 1:5



కథను పాటగా వినుట మనకు క్రొత్త కాదు. బుర్రకథ కొరకు తెల్లవార్లు చాపలమీద కూర్చున్న జనము మనము. అమెరికా దేశపు పల్లెవారికిని అట్టి పాటలు కలవు. వాటిని కంట్రీ పాటలందురు. వాటిలో ‘మూడు కొయ్య సిలువలు’ అను అర్థమిచ్చు పేరుగల పాటను కిమ్ విలియమ్స్, డగ్ జాన్సన్ అనువారు వ్రాయగా, ర్యాండీ ట్రావిస్ 2002లో పాడెను. 2003లో అది ఆ దేశపు కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానమునకు వచ్చెను. 2013లో గాయకునికి పక్షవాతము వచ్చి మాట చాలవరకు పోయినది. జనులు ఆ పాటను మాత్రము విడువలేదు.

కథ ఇది. మెక్సికోకు పోవు రాత్రి బస్సులో నలుగురు ప్రయాణికులు: ఒక రైతు, ఒక పంతులమ్మ, ఒక బోధకుడు, ఒక వేశ్య. ఆగుమను గుర్తును డ్రైవరు చూడలేదు. ఎదుటి పెద్ద లారీ ఆగలేకపోయెను. ముగ్గురు చనిపోగా రోడ్డు ప్రక్కన మూడు సిలువలు నిలిచెను. రైతు తన కుమారునికి పొలమును, దానితోకూడ విశ్వాసమును విడిచెను. పంతులమ్మ తన జ్ఞానమును అనేకమంది పిల్లలలో విడిచెను. బోధకుడు చనిపోవుచు రక్తము అంటిన తన బైబిలును ఆ వేశ్య చేతిలో పెట్టెను.

ఈ కథ చెప్పుచున్నది ఆదివారపు ఆరాధనలో ఒక పాదిరి అని చివరకు తెలియును. ఆయన ఆ మరకల బైబిలునే పైకెత్తి చూపును. దానిని తనకు చదివి వినిపించిన తల్లి ఆ స్త్రీయే.

ఈ మలుపు వలననే పాట నిలిచినదని కొందరందురు. ఒకసారి తెలిసిన మలుపులో ఆశ్చర్యముండదు గదా. అయినను మరల మరల వినుచున్నారు. మాకు తోచినది వేరు. ఆ బోధకునికి ఆమెను పరీక్షించుటకు సమయము లేదు. నీవెవరవు, మారెదవా అని అడుగలేదు. చేతిలో పెట్టి పోయెను. ఆమె ఎట్లు మారెనో పాట వర్ణింపదు. కుమారునికి చదివెను, అంతే.

యెరికో పట్టణపు రాహాబును చూడుడి. ఆమె కూడ వేశ్యయే, అన్యురాలే. సల్మానుకు రాహాబునందు బోయజు పుట్టెనని మత్తయి వ్రాసెను. ఆ బోయజు పొలములోనే మోయాబీయురాలైన రూతు పరిగె ఏరుకొనెను. ఆమెను గద్దింపవద్దని, పనల నుండి కొన్ని పిడికెళ్లు కావలెననియే విడువుడని ఆయన పనివారికి చెప్పెను. తల్లి ఆయనకేమి నేర్పెనో గ్రంథము చెప్పదు గనుక మేమును చెప్పము. కాని పరదేశియగు స్త్రీని చూచినప్పుడు బోయజుకు తన యిల్లు జ్ఞాపకము రాక మానునా?

మన గుడిలో అట్టి స్త్రీ వచ్చి వెనుక చాపమీద కూర్చుండిన యెడల ప్రక్కవారు ఎంత దూరము జరుగుదురో మనకు తెలియును. ఆమె బిడ్డను ఆదివారపు బడికి పిలిచితిమా? కొన్నిచోట్ల పిలువలేదు, మన పిల్లలు చెడిపోవుదురని భయపడితిమి. ఈ నెల కుటుంబ ప్రార్థనలలో రూతు 2వ అధ్యాయము చదువునప్పుడు, మొదట మత్తయి 1:5 చదువుడి. తల్లికి చదువు రాని యింట బిడ్డ చదువగా తల్లి వినవచ్చును.