అవసాన కాలంలో అన్నపానీయాలు



మన కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి ఎందరో ఇజ్రాయెల్ దేశానికి వెళ్ళి, అక్కడి వృద్ధులకు కేర్‌గివర్లుగా సేవ చేస్తున్నారు. హైదరాబాద్ ఇళ్ళల్లో కేర్‌టేకర్లుగా, ఆసుపత్రుల్లో ఆయాలుగా పనిచేసేవారూ ఉన్నారు. హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఈ పని కోడళ్ళూ కూతుళ్ళూ జీతం లేకుండానే చేస్తారు. వీరందరికీ ఎదురయ్యే కఠినమైన ప్రశ్న ఒకటుంది. మరణం సమీపించిన మనిషి నోరు మూసుకుంటాడు. చుట్టూ చేరిన బంధువులు "బాపూ, గింతన్న తాగు" అని బతిమాలుతారు. చెంచా పక్కన పెట్టిన సేవకురాలిని "మా బాపును ఆకలితో సాగనంపుతావా?" అని నిలదీస్తారు. ఆమె ఏమి చేయాలి?

అన్నపానీయాలు ఇవ్వడం మనిషికి మనిషి చేయవలసిన కనీస సేవ అని శ్రీసభ బోధిస్తుంది. చావు త్వరగా రావాలన్న తలంపుతో వాటిని ఆపడం పాపం. అయితే శరీరం వాటిని స్వీకరించలేని స్థితికి చేరినప్పుడు బలవంతంగా ఇవ్వనక్కరలేదని 2020లో వాటికన్ వెలువరించిన 'సమారితానుస్ బోనుస్' లేఖ స్పష్టం చేసింది. ఇక్కడ కారణమేదో, ఫలితమేదో గ్రహించాలి. తిండి ఆగినందువల్ల మరణం రావడం లేదు. మరణం దగ్గర పడినందువల్ల తిండి ఆగుతోంది.

ఆ దశలో మింగే శక్తి సన్నగిల్లుతుంది. పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. ఆకలిదప్పులు తగ్గిపోతాయి, మిగిలేది ఎక్కువగా నోటి ఎండుదలే. దానికి గ్లాసెడు నీళ్ళు కాదు, తడిగుడ్డ కావాలి. శుభ్రమైన దూదినో గుడ్డనో తడిపి, పిండి, పెదవులూ నాలుకా మాటిమాటికీ తుడవండి. పెదవులకు కొంచెం వాజెలిన్ రాయండి. కల్వరి కొండపై దప్పిగొన్న ప్రభువు నోటికి అందింది కూడా తడిపిన స్పంజియేనని యోహాను సువార్త 19వ అధ్యాయంలో చదువుతాము. రోగి తెలివిగా ఉండి తానే అడిగితే మాత్రం, తల కొద్దిగా ఎత్తి ఒక్కొక్క చుక్కే ఇవ్వండి.

ఇంకా చేయవలసినవి ఉన్నాయి. పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి మెల్లగా పక్క మార్చండి. కదిలిస్తే బాధపడుతుంటే బలవంతపెట్టకండి. గొంతులో గురగుర వినిపిస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆ శబ్దం చూసేవారిని భయపెట్టినంతగా రోగిని సాధారణంగా బాధించదు. పలకకపోయినా వినికిడి ఉండవచ్చు. కాబట్టి మంచం దగ్గర భూముల పంపకాలు మాట్లాడకండి. చేయి పట్టుకుని, పేరు పెట్టి పలకరించండి.

నొప్పి విషయంలో మార్ఫిన్ అనగానే కొందరు జంకుతారు. బాధ తగ్గించడానికి తగిన మోతాదులో మందు వాడటం తప్పు కాదని 12వ పయస్ జగద్గురువులు 1957లోనే బోధించారు. డాక్టరు చెప్పిన మోతాదును చెప్పిన వేళకు ఇవ్వండి. సొంతంగా పెంచకండి, మానకండి. ఈ మందుకు మలబద్ధకం సహజం. దానికీ డాక్టరునే మందు అడగండి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇటువంటి ఉపశమన వైద్యం లభిస్తుంది.

గురువును పిలవడానికి కడ ఊపిరి దాకా ఆగకండి. 'అవస్థ అభ్యంగనం'గా పిలిచే ఈ సంస్కారాన్ని 'వ్యాధిగ్రస్తుల అభ్యంగనం' అనడమే మేలని రెండవ వాటికన్ మహాసభ 1963లో సూచించింది. రోగి తెలివిలో ఉన్నప్పుడే పిలిస్తే తానూ ప్రార్థనలో కలుస్తాడు. మింగడం కష్టమైనవారికి దివ్యసత్ప్రసాదంలో చిన్న తునక చాలు. మీరు సేవించే వ్యక్తి అన్యమతస్థుడైతే, వారి ప్రార్థనకు వీలు కల్పించి, మౌనంగా మీ జపం మీరు చేసుకోండి.

కుటుంబ పెద్దలారా, మీ ఇంట ఇటువంటి గడియ వచ్చినప్పుడు సేవ చేసే బిడ్డను నిందించకండి. ఆమె చేతిలోని చెంచా తీసుకుని, తడిగుడ్డ మీరు పట్టుకోండి.