పని అప్పగించి చూడండి

ద్రాక్షారామానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడలో 1923లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉన్న పద్నాలుగేళ్ల అమ్మాయికి, టిక్కెట్టు లేనివాళ్లని లోపలికి పంపొద్దని పెద్దలు చెప్పారు. టిక్కెట్టు లేకుండా వచ్చిన నెహ్రూని ఆమె ఆపేసింది. నిర్వాహకులు కోప్పడితే, మీరు చెప్పిన పనే చేస్తున్నానంది. వాళ్లు టిక్కెట్టు కొన్నాకే ఆయన్ని వెళ్లనిచ్చింది. తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలైన దుర్గాబాయే ఆ అమ్మాయి.

ఈ సంగతి పిల్లలకు చెబుతుంటాం. తల్లిదండ్రులు కూడా ఇందులో ఒకటి గమనించాలి. ఆ పిల్లకు అప్పగించింది నిజమైన పని, కాదనే అధికారంతో సహా. మన ఇళ్లలో కూతుర్ని బంగారుతల్లీ అని ముద్దు చేస్తాం గానీ, బ్యాంకు పనికి మాత్రం కొడుకునే పంపుతాం. పదేళ్లు నిండిన పిల్లలు తమ పొదుపు ఖాతా తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. ఫారం అమ్మాయినే నింపనివ్వండి, కౌంటర్ దగ్గర తననే మాట్లాడనివ్వండి. కొబ్బరి దింపు తీసిన రోజు కాయల లెక్క ఆమెకే వదలండి. తప్పు పోతే పుస్తకం లాక్కోకండి, మళ్లీ కూడమనండి.

ద్రాక్షారామ భీమేశ్వరాలయానికి వెళ్లినప్పుడు మాణిక్యాంబ అమ్మవారి దర్శనం చేసుకుని వెంటనే వచ్చేయకుండా శాసనాలూ చూపించండి. గుడి దీపాలకు దానాలిచ్చిన ఆడవాళ్ల పేర్లు వాటిలో ఉన్నాయి. తమ పేరు మీద దానం రాయించిన ఆడవాళ్లు వందల ఏళ్ల కిందటే ఇక్కడ ఉన్నారని మన పిల్లలకు తెలియాలి.

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి, అప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల చుట్టాలొస్తే గదిలోకి వెళ్లిపోతుంది. కారణం చాలాసార్లు ఆ చుట్టాల మాటలే. "నల్లబడిపోయావేంటే", "ఇంత లావైతే ఎవరు చేసుకుంటారు" అంటారు. అప్పుడు మీరు నవ్వి ఊరుకుంటే ఆ మాట మీరూ అన్నట్టే ఆమెకు తోస్తుంది. "అలా అనకండి వదినా, అది బాధపడుతుంది" అని అక్కడే, ఆమె వింటుండగానే అనండి. వాళ్లు వెళ్లాక చేసే ఓదార్పు దీనికి సాటిరాదు. ఈ పని నాన్నలు మరీ ముఖ్యంగా చేయాలి.

దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఎదిగాక ఆ కాపురం తనకొద్దంటే తండ్రీ తమ్ముడూ ఆమె పక్షాన నిలిచారు. తాము చేసిన పెళ్లినే కూతురు కాదంటే ఒప్పుకోవడం ఆ కాలంలో ఎంత కష్టమో ఊహించండి. మన ముందుకొచ్చేవి అంతకన్నా చిన్నవి. రేపు మీ అమ్మాయి ఇంటర్‌లో మీరనుకున్న గ్రూపు వద్దనవచ్చు. ఎందుకని అడిగి, చెప్పింది పూర్తిగా విని, ఆ తర్వాతే మీ మాట చెప్పండి.