మీటరు మారనీ, ఓటు మాత్రం ఇడువకు

తంగళ్ళపల్లి,
రాజన్న సిరిసిల్ల జిల్లా

బిడ్డా,

నువ్వు ఫోన్ల పంపిన పొడుగు ఉత్తరాన్ని మీ అన్న కాగితం మీద తీయించుకొచ్చిండు. మీ పెద్దమ్మ రెండుసార్లు చదివించుకున్నది. హాస్టల్ల తిండి ఎట్లున్నది, దగ్గు తగ్గిందా లేదా, ఒక్క ముక్క రాయలేదని ఆమె రంది. నా రంది వేరు. తాత పేరు మీదున్న కరెంటు మీటరు పేరు మార్చుడెందుకు, రేపోమాపో మన కరెంటు సహకార సంఘం సెస్సే ఉండదు అని మీ నాయినతోని అన్నవట. ఆ మాట విన్న కాన్నుంచి నాకు నిద్ర పడుతలేదు.

ఉత్తరంల చాలా సంగతులు రాసినవు. సర్కారు చీరల ఆర్డర్ల మీద సిరిసిల్ల బతకొద్దన్నవు. అది నేనూ ఒప్పుకుంట. 2017ల బతుకమ్మ చీరలు మొదలైనప్పటి సంది ఏడాదికి కోటి చీరల దాక పని దొరికింది. ఆ ధైర్యంతోనే సాంచాలు నడిపే ఆసాములు అప్పులు తెచ్చి ఆ మరమగ్గాలకు డాబీలు, జకార్డులు పెట్టించిన్రు. 2024ల ఆ ఆర్డర్ రాలే. సాంచాలు ఆగినయ్, కండెలు చుట్టేటోళ్ల చేతులూ ఆగినయ్. తర్వాత మహిళా సంఘాల ఇందిరమ్మ చీరలొచ్చినయ్ గని, ఒక్క గిరాకీని నమ్ముకున్నోళ్ల బతుకు ఎప్పటికీ గిట్లనే. అయితే బిడ్డా, ఆ ఆర్డర్ ఇచ్చుడు, ఆపుడు హైదరాబాదు చేతుల ఉన్నది. నూలు ధర సూరత్ చేతుల ఉన్నది. మనం కూసొని మాట్లాడి, ఓటేసి, నడిపించుకునేది ఒక్క కరెంటే. దాన్ని కూడ ఇడిచిపెట్టమంటున్నవు.

 

సెస్ పాతకాలం పద్ధతి అని రాసినవు. 1969ల ఢిల్లీల గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. ఊర్లకు కరెంటు ఎట్ల చేర్చాలె అని దేశం మొత్తం మీద అయిదు చోట్ల సహకార సంఘాలు పెట్టి చూసిన్రు. కర్ణాటకల హుక్కేరి, మహారాష్ట్రల ముళా-ప్రవర, గుజరాత్‌ల కొడినార్, ఉత్తరప్రదేశ్‌ల లక్నో, మన దిక్కు సిరిసిల్ల. 1970ల మన సెస్ మొదలైంది. ఈ పద్ధతి నేర్పిన అమెరికాల, ఒక్క రైతు ఇంటి కోసం తీగ గుంజితే ఏం మిగులుతదని ప్రైవేటు కంపెనీలు ఊర్లను పక్కకు పెట్టినయ్. 1935ల రూజ్‌వెల్ట్ సర్కారు అప్పులిచ్చే ఏర్పాటు చేస్తే రైతులే సంఘాలు కట్టుకొని తీగలు గుంజుకున్నరు. ఇయ్యాల్టికి కూడ అక్కడ అసొంటి సంఘాలు 800కు పైగా ఉన్నయ్, 4 కోట్ల పైచిలుకు మందికి కరెంటిస్తున్నయ్. నువ్వు పనిచేసేది ఆ దేశం కంపెనీలనే గదా తల్లీ, అక్కడోళ్లనే అడుగు, అది పాతదో కొత్తదో.

మన దిక్కు స్తంభాలు పాతుతున్నప్పుడు నేను నిక్కరేసుకునే పిల్లగాన్ని. గుంతలు తవ్వేటోళ్లకు నీళ్లందియ్యమని మీ తాత నన్ను తోలిండు. బండ తగిలిన కాడల్ల గడ్డపార మొన వంగేది. దాన్ని కమ్మరి కొలిమి కాడికి మోసుకపోయి సాపు చేయించుక రావాలె. ఆ కమ్మరాయన ఒగ్గు కథలు పాడితే వినాలె. తిత్తి ఊదుకుంట బీరప్ప కథ ఎత్తుకున్నడంటే నాకు గడ్డపార సంగతే యాదికుండకపోయేది. అప్పుడు మీ నాయిన చంకల పిల్లగాడు, వాన్ని కూడ ఎత్తుకొనే తిరిగేటోన్ని. ఏడిస్తే కమ్మరాయన భార్య బెల్లం ముక్క నోట్ల పెట్టేది. నీకు బెల్లం పిచ్చి వాని నుంచే వచ్చిందని మీ పెద్దమ్మ ఇప్పటికీ అంటది.

మీ తాత సంగతి చెప్పబోయి ఎటో పోయిన. సెస్ సంఘంల సభ్యుడై వాటా కింద కట్టిన పైసల రసీదును ఆయన పట్టా కాగితాలతోని కలిపి ట్రంకు పెట్టెల పెట్టుకున్నడు. బట్ట నేసే మనిషికి ఆ కాగితం భూమి కాగితంతోని సమానమెందుకైందో నువ్వు ఆలోచించాలె.

సాంచ మీద నిలబడి చూసినదానివే నువ్వు. నాడె అటు నుంచి ఇటు పోయేటప్పుడు, సరిగ్గ పోగుల నడుమల ఉన్నప్పుడు కరెంటు గుంజుకున్నదనుకో, నాడె అక్కడనే ఇరుక్కుంటది, పోగులు జల్లుమని తెగుతయ్. ఒక్కొక్క కొసను వెతికి ముడేసి, అచ్చుల నుంచి గుంజి మళ్ల సాంచ మలిపేదాక ఆ మనిషి కూలి ఆగినట్టే. మలిపినంక బట్ట మీద అడ్డంగ ఒక గీత పడుతది. పట్టిచ్చినప్పుడు యజమాని వేలు ఆ గీత మీదనే పడుతది, కూలిల కోత పడుతది. నీ లెక్కల్ల అది ఒక్క సెకను. ఇక్కడ అది ఒక పూట కూర ఖర్చు.

నువ్వు రాసిన స్మార్ట్ మీటరు వద్దని నేననను. అరగంటకోసారి వాడకం లెక్క తెలిస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు పడుతున్నదో కాలిపోకముందే తెలుస్తది. మంచిదే, రానీ. ముందుగాల పైసలు కట్టాలె అన్న కాడనే నా పేచీ. బట్ట నేసి, మడతబెట్టి ఇచ్చినంకనే ఆసామికి కూలి. నెలాఖరు బిల్లయితే వానికి ఊపిరి తీసుకునే సందుంటది. రీఛార్జి పద్ధతైతే రాత్రి షిఫ్టుల బీము నడుమల పైసలు అయిపోతే, సాంచ ఆగితే, ఎవరి ఇంటి తలుపు కొడుతవు? సంఘమైతే డైరెక్టర్ ఏ ఊరోడో, ఏ గల్లీల ఉంటడో ఎరుకే. కంపెనీ అయితే ఫోన్ల ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటది.

నచ్చిన కంపెనీ కాడ కరెంటు కొనుక్కోవాలన్నవు. 2022 ఆగస్టు 8 నాడు లోక్‌సభల పెట్టిన విద్యుత్ సవరణ బిల్లు చెప్పింది కూడ అదే, ఒకే జాగల ఒకటికంటె ఎక్కువ కంపెనీలు కరెంటు అమ్మొచ్చని. ముంబైల టాటా, అదానీ పక్కపక్కన అమ్ముతున్నయ్, నిజమే. ముంబైల వరి మడులకు నీళ్లు గుంజే బావి మోటార్లున్నయా బిడ్డా? మన దిక్కు 2018 జనవరి 1 సంది ఎవుసానికి 24 గంటల ఉచిత కరెంటు. సాంచాలకు సగం రాయితీ వేరే. వచ్చే కంపెనీ బిల్లు మంచిగ కట్టే ఫ్యాక్టరీని, మిల్లును ఏరుకుంటది. బావి మోటారును, చిన్న సాంచను ఏరుకోదు. అవి మిగిలేది మళ్ల సర్కారు మెడకే, అప్పుడు ఆ నష్టం చూపెట్టి రాయితీ ఎత్తేయమని చెప్పేటోళ్లు కూడ వాళ్లే ఉంటరు.

సెస్‌ల రాజకీయం ఉన్నదని రాసినవు. ఉన్నది. 2022 డిసెంబర్ల 15 మంది డైరెక్టర్ల కోసం ఎమ్మెల్యే ఎన్నికల లెక్క పార్టీలన్ని దిగినయ్. సెస్ కరెంటు కొనేది సర్కారు పంపిణీ కంపెనీ ఉత్తర డిస్కం కాడనాయె, రాయితీ రావాల్సింది సర్కారు కాడ నుంచాయె, నడుమల బాకీల పంచాయితి తెగదు. ఇవన్ని నిజమే. రాజకీయం ఉన్నదని ఓటు ఇడిచిపెడితే రాజకీయం పోదు, ఓటే పోతది. ముళా-ప్రవర సంఘం 2011ల పోయింది. కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి సంఘాలను డిస్కంల చేతికియ్యమని 2021ల ఆంధ్ర విద్యుత్ నియంత్రణ మండలి చెప్పింది. పోయినదాన్ని మళ్ల నిలబెట్టుకున్న ఊరి పేరు ఒక్కటి రాయి, నేను నీ మాట వింట.

గట్టిగ రాస్తున్నని చిన్నబోకు. మనింట్ల ఇంగ్లీషు కాగితం ఎవరి సాయం లేకుంట చదివే మొదటి ఆడిబిడ్డవు. నీ మీద కోపం నాకెట్ల వస్తది? నువ్వు తెలివి తక్కువ మాట రాసినవని నేననుకుంటలేను. మన మాట లెక్కల్లేకుంట రాసినవని అనుకుంటున్న.

అందుకే చెప్తున్న, ఇను. కరెంటు వాడకం లెక్కలు చూసుడు నీ కొలువే. ఆ తెలివిని అమ్ముకొని బతుకు, తప్పు లేదు. ఏడాదికి ఒక్క దినం మాత్రం దాన్ని మనోళ్ల నడుమకు తీసుకరా. మహాసభల నిలబడి, ఏ ఫీడర్ల ఎంత కరెంటు నష్టమైతున్నది, ఎందుకైతున్నది, లెక్కలు తెలుగుల అందరికర్థమయ్యేటట్టు బోర్డు మీద పెట్టుమని అడుగు. రీఛార్జి మీటరు వస్తే సాంచాలకు గడువుండాలె, రాత్రిపూట కోత పడొద్దు అని రాతపూర్వకంగ అడుగు. నేనడిగితే ముసలోడు సతాయిస్తున్నడంటరు. నువ్వడిగితే జవాబియ్యక తప్పది.

ముందుగాల మీటరు పేరు మార్చుకో, సంఘంల ఓటు నిలబెట్టుకో. తాత మరణ పత్రం, ఇంటి పన్ను రసీదు మీ నాయిన కాడున్నయ్. నీ ఆధార్ కార్డు తెచ్చుకో. తాత వాటా రసీదు నా కాడ భద్రంగున్నది, వచ్చినప్పుడు నీ చేతికిస్త. శనివారం రాత్రి బండెక్కితే ఆదివారం మీ పెద్దమ్మ చేతి సకినాలు తిని పండొచ్చు, సోమవారం పొద్దున ఇద్దరం కలిసి ఆఫీసుకు పోదం. సోమవారానికి లీవు చెప్పి రా. దగ్గుకు మాత్రం డాక్టరు కాడికి ఈ వారంలనే పో, అది సోమవారం దాక ఆపకు.

ఇట్లు,
మీ పెద్దబాపు