స్పెయిన్ బడికి వెళ్లే మనవాళ్లకు

స్పెయిన్ ప్రభుత్వ బడుల్లో ఏటా వేలమంది విదేశీ యువతీయువకులు ఇంగ్లిష్ టీచర్ల పక్కన నిలబడి పనిచేస్తారు. వాళ్లను అక్కడ 'ఆఉక్సిలియార్ దె కొన్వెర్సాసియోన్' అంటారు. పిల్లల చేత మాట్లాడించే సహాయకులన్నమాట. ఉపకార వేతనం మీద అక్టోబరు నుంచి మే చివరిదాకా ఉంటారు. వారానికి 12 నుంచి 16 గంటల పని, ప్రాంతాన్ని బట్టి నెలకు సుమారు 700 నుంచి 1,000 యూరోలు. భారతీయులకూ ఇందులో కొన్ని స్థానాలు ఉన్నాయి. హైదరాబాద్ ఇఫ్లూలోనో, ఢిల్లీలోని సెర్వాంతెస్ సంస్థలోనో స్పానిష్ నేర్చుకున్న మన పిల్లలకు ఇది చక్కటి దారి. అమెరికా, కెనడా పౌరులైన తెలుగువాళ్లు అదే పథకంలో వేరే విభాగం కింద దరఖాస్తు చేసుకోవాలి. అక్కడ స్థానాలు చాలా ఎక్కువ. అర్హతలు, స్పానిష్ ఎంత రావాలన్న షరతులు ఏటా కొద్దిగా మారుతుంటాయి. అందుకని పోయినేడు వెళ్లొచ్చిన వాళ్ల మాట మీద ఆగిపోకుండా ఆ ఏడాది ప్రకటనను మొదటి నుంచి చివరిదాకా చదవండి.

ఎంపికైనట్టు ఉత్తరం రాగానే అందరికీ సూట్‌కేసు గుర్తొస్తుంది. నేనైతే ముందు మీ పేరు చూసుకోమంటాను.

స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లుంటాయి, ఒకటి తండ్రి వైపు నుంచి, రెండోది తల్లి వైపు నుంచి. ఆఫీసులో ఏ ఫారం తీసుకున్నా పేరుకొక గడి, మొదటి ఇంటిపేరుకొకటి, రెండో ఇంటిపేరుకొకటి ఉంటాయి. మన సంగతి చూడండి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది. డిగ్రీలో అది ఒక్క అక్షరమైపోతుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, ఇంకొందరికి వెంకట సత్య అంటూ మూడు నాలుగు పేర్లు కలిసిపోయి ఉంటాయి. అక్కడి గుమాస్తాకు ఇందులో ఏది ఏదో తెలిసే వీల్లేదు. కాబట్టి పాస్‌పోర్టులో ఎలా ఉందో అదే మీ పేరు అనుకుని, దరఖాస్తు నుంచి బ్యాంకు ఖాతా దాకా ఆ వరుసే వాడండి. రెండో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయండి. నింపాలి కదా అని నాన్నగారి పేరో అమ్మ పుట్టింటి పేరో రాస్తే, ఆ తర్వాత ప్రతి కాగితమూ ఇంకొక కాగితంతో గొడవపడుతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే, వ్యవధి ఉంటే, వీసా పనులు మొదలు పెట్టకముందే సరిచేయించుకోవడం మేలు. పెళ్లయ్యాక పేరు మారిన అమ్మాయిలు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. స్పెయిన్‌లో ఆడవాళ్లు పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోరు. డిగ్రీ ఒక పేరుతో, పాస్‌పోర్టు ఇంకో పేరుతో ఉండడం వాళ్లకు అలవాటు లేని విషయం. వివాహ ధ్రువపత్రాన్ని అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు వేసే ప్రభుత్వ ముద్ర), అనువాదంతో సహా వెంట ఉంచుకోండి.

180 రోజులు దాటి ఉండాలి కాబట్టి వీసాకు పోలీసు క్లియరెన్స్, వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. క్లియరెన్స్ పాస్‌పోర్టు ఆఫీసు నుంచి తీసుకోవాలి. దాని మీద మన విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేస్తుంది. కాగితాలను ఆ శాఖ నియమించిన ఏజెన్సీల ద్వారా ఇవ్వాలి. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు అపోస్టిల్, ఆ తర్వాత ప్రమాణం చేసిన అనువాదకుల చేత స్పానిష్‌లోకి అనువాదం. వరుస తిరగబడితే ముద్రలోని మాటలు అనువాదంలోకి రావు, డబ్బు రెండుసార్లు పెట్టాలి. మరీ ముందే తీసుకోకండి, పాత తేదీల కాగితాలను వీసా అధికారులు ఒప్పుకోరు. అన్నిటికీ రెండేసి రంగు నకళ్లు తీసి పెట్టుకోండి.

దిగాక మొదటి నెలంతా ఆఫీసులతోనే గడుస్తుంది. ముందు ఊరి మునిసిపల్ ఆఫీసులో మీ చిరునామా నమోదు చేయించాలి, దాన్ని 'ఎంపద్రొనమియెంతో' అంటారు. తర్వాత పోలీసు ఆఫీసులో వేలిముద్రలిచ్చి విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి. దాన్ని 'తియె' అంటారు. దిగిన నెల రోజుల్లోపు ఈ దరఖాస్తు పడాలి. రెంటికీ ముందుగా ఆన్‌లైన్లో అపాయింట్‌మెంటు దొరకాలి, పెద్ద ఊళ్లలో అది ఓ పట్టాన దొరకదు. విమానం ఎక్కకముందే ఆ అపాయింట్‌మెంట్లు ఇచ్చే సైటు చూడడం మొదలుపెట్టండి. పిల్లలతో పనిచేసే ఎవరైనా లైంగిక నేరాల చరిత్ర లేదని అక్కడి న్యాయశాఖ ఇచ్చే పత్రం చూపాలి, అది 2015 నుంచి చట్టం. బడి అడిగినప్పుడు మిమ్మల్ని అనుమానిస్తున్నారని నొచ్చుకోకండి, అక్కడ అందరినీ అడుగుతారు.

డబ్బు విషయం గట్టిగా చెబుతాను. మొదటి నెల భత్యం మొదటి నెలలోనే చేతికి వస్తుందని లెక్క వేసుకోకండి. కొన్ని ప్రాంతాల్లో బాగా ఆలస్యమవుతుంది. గది అద్దె, దానితోపాటు ఒక నెల అద్దె అడ్వాన్సు, దుప్పట్లు, గిన్నెలు, బస్సు పాసు అన్నీ మొదటి వారాల్లోనే మీద పడతాయి. రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని వెళ్లండి. అప్పు చేసి వెళ్లేవాళ్లు ఈ ఆలస్యాన్ని కూడా అందులో కలుపుకోవాలి. ఇల్లు చూడకుండా ఎవరికీ పైసా పంపకండి, ఫొటోలు ఎంత బాగున్నా సరే. మొదటి వారం చవక హాస్టల్లో ఉండి, నడిచి చూసి, అక్కడివాళ్లతో కలిసి ఉండే గది తీసుకోండి. ఆ వంటింట్లో వచ్చే స్పానిష్ ఏ కోచింగులోనూ రాదు.

ఇక బడి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

మీకు తరగతి అప్పగించరు, మార్కులు వేయమనరు. టీచరు తరగతిలోనే ఉంటారు, మీరు పక్కన ఉండి పిల్లలను మాట్లాడిస్తారు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ప్రాథమిక బడి, ఆ తర్వాత పదహారు దాకా తప్పనిసరి మాధ్యమిక విద్య. పిల్లలు టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు. లేదంటే 'ప్రొఫె' అంటారు. సార్, మేడమ్ ఉండవు, మీరు లోపలికి వస్తే ఎవరూ లేచి నిలబడరు. అది మర్యాద లేకపోవడం కాదు. ఒకేసారి పదిమంది మాట్లాడతారు, అది కూడా మిమ్మల్ని లెక్కచేయక కాదు. మొదటి పదిహేను రోజులు మొహం చిట్లించకుండా చూస్తూ ఉండండి, ఎవరు ఎవరితో కూర్చుంటున్నారో, ఎవరు నోరు విప్పడం లేదో గమనించండి.

ఆ నోరు విప్పని పిల్లలే మీ అసలు పని. చిన్న తరగతుల వాళ్లు తప్పో ఒప్పో అరిచి చెప్పేస్తారు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి పక్కవాళ్లు నవ్వుతారన్న భయం పట్టుకుంటుంది. ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన సహాయకులకు ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చింది, దాన్ని చూసి భయపడడం ఎలా ఉంటుందో వాళ్లు అనుభవించి ఉండరు. జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి, ఇంటర్‌లో మొదటిసారి ఇంగ్లిష్‌లో ప్రశ్న వేస్తే గొంతు తడారిపోయిన మనిషికి ఆ పిల్లలు ఎందుకు తల వంచుకుంటారో చెప్పనక్కర్లేదు. మన ఇంగ్లిష్ అరువు భాష అని సిగ్గుపడేవాళ్లు చాలామంది వెళ్తున్నారు, వెళ్లి బ్రిటిష్ యాసను అనుకరించబోతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మీ యాసతోనే, నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడండి. ఇంగ్లిష్‌ను తర్వాత నేర్చుకుని కూడా దానితో బతకవచ్చని ఆ పిల్లలకు కళ్లెదుట కనిపించే సాక్ష్యం మీరే. స్పెయిన్ పిల్లలకు ఇంతకంటే అవసరమైన పాఠం ఇంకొకటి ఉందనుకోను.

ప్రశ్న అడిగాక ఆగండి. మనసులో పది లెక్కపెట్టేదాకా జవాబు మీరే చెప్పేయకండి. అవుననో కాదనో చెప్పి తప్పించుకునే ప్రశ్నలు వద్దు. ముందు ఇద్దరిద్దరిగా మాట్లాడుకోనిచ్చి, తర్వాత అందరి ముందూ చెప్పమంటే సిగ్గు సగం పోతుంది. తప్పులు వెంటవెంటనే దిద్దకండి, దిద్దే పని టీచరుది.

బోధనకు ఏం తీసుకెళ్లాలని అడుగుతారు. తాజ్‌మహల్ ఫొటో వాళ్ల పుస్తకంలోనే ఉంది. మీ ఊరి బస్టాండు బోర్డు, హాస్టల్ మెస్సు పళ్లెం, మీరు చదివిన బడిలో మధ్యాహ్న భోజనం వరుస, వీధి క్రికెట్, బతుకమ్మ పేర్చే చేతులు, ఇలాంటి ఫొటోలు ఫోన్లో నింపుకుని వెళ్లండి. ఒక్కో ఫొటో మీద అరగంట మాట్లాడించవచ్చు. అక్కడ జనవరి 5 సాయంత్రం, బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల ఊరేగింపు, ఆరో తేదీ పొద్దున పిల్లలకు కానుకలు. వాళ్లు సెలవుల నుంచి బడికి తిరిగొచ్చిన వారంలోనే మన భోగి, సంక్రాంతి. ముందు వాళ్ల పండుగ గురించి వాళ్ల చేత చెప్పించి, తర్వాత మీ ముగ్గుల పిండి తీయండి.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్ పేరు తెలియని చోట కూడా అనంతపురం పేరు చెబితే తలెత్తేవాళ్లు స్పెయిన్‌లో ఉంటారు. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో భారతదేశానికి వచ్చి, 1969లో అనంతపురంలో స్థిరపడి, 2009లో అక్కడే కన్నుమూశారు. బడులు, ఆసుపత్రులు, ఇళ్లు కట్టిన ఆయన సంస్థను మన దగ్గర ఆర్డీటీ అంటారు. ఆ పనికి 1998లో స్పెయిన్ వాళ్ల ప్రిన్స్ ఆఫ్ ఆస్తూరియాస్ పురస్కారం వచ్చింది. అనంతపురం జిల్లా పిల్లల చదువుకు నెలనెలా డబ్బు పంపిన స్పానిష్ కుటుంబాలు చాలా ఉన్నాయి. మీరు రాయలసీమ వాళ్లయితే ఆ కథ మీ గొంతుతో చెప్పండి. టీచర్ల గదిలో మాట కలపడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

భాషకు వస్తే, తెలుగువాళ్లకు స్పానిష్ ఉచ్చారణ కష్టం కాదు. అచ్చులు అయిదూ మన అ, ఇ, ఉ, ఎ, ఒ లాగే పలుకుతాయి. త, ద మన పళ్ల మీదివే. రాసినట్టే చదవవచ్చు. మాట వేగమే కష్టం, అందుకు వెళ్లే ముందు రోజూ అరగంట రేడియో వినండి. కాతలూన్యా, గలీసియా, బాస్క్, వలెన్సియా ప్రాంతాలు పడితే బడి నోటీసులు అక్కడి సొంత భాషలో ఉంటాయి. ఆ భాషలో పలకరింపులైనా నేర్చుకోండి, మీ మీద గౌరవం వెంటనే పెరుగుతుంది.

తిండి గురించి మీ అమ్మ బెంగపడినంత అక్కర్లేదు. వలెన్సియా, సెవిల్యా చుట్టుపక్కల వరి పండుతుంది. సూపర్ మార్కెట్లో పొడవు గింజ బియ్యం తీసుకోండి, పొట్టి గింజవి ముద్దగా అవుతాయి. మసూర పప్పు, శనగలు, పెరుగు ఎక్కడైనా దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు కావాలంటే మాద్రీద్‌లో లావాపియెస్, బార్సిలోనాలో రావాల్ పేటల్లోని మన ఉపఖండపు దుకాణాలకు వెళ్లాలి. నెయ్యి, కోవా, మాంసం పచ్చళ్లు సూట్‌కేసులో పెట్టకండి. పాల, మాంస పదార్థాలను బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు రెమ్మలకూ ధ్రువపత్రం కావాలి, పొడి చేసుకుని వెళ్లండి. ఆవకాయకు అడ్డు లేదు. శాకాహారులు హోటల్లో మాంసం లేకుండా అని మాత్రమే చెబితే సరిపోదు. హామోన్ (ఉప్పులో ఆరబెట్టిన పంది తొడ), ట్యూనా చేప మాంసం కిందికి రావనుకునేవాళ్లున్నారు, రెండూ వద్దని పేరు పెట్టి చెప్పండి. మధ్యాహ్న భోజనం రెండు దాటాక, రాత్రిది తొమ్మిది దాటాక. పొద్దున పదకొండు ప్రాంతంలో బడి విరామానికి మీ డబ్బాలో ఏదైనా ఉంచుకోండి.

స్పెయిన్ అంతా వేడి దేశమన్నది నిజం కాదు. బూర్గోస్, సోరియా చలికి గడ్డకడతాయి, గలీసియాలో వాన ఆగదు. దక్షిణాన వీధిలో ఎండ కాస్తున్నా ఇంట్లో హీటరు లేక వణికే రోజులుంటాయి. మంచి స్వెట్టరు అక్కడ కొనుక్కోవడమే మేలు.

మీకు పల్లె బడి పడితే కంగారు పడకండి. దగ్గరి పట్నంలో గది తీసుకుని, రోజూ కారులో వచ్చే టీచర్లను మొదటి రోజే అడగండి, పెట్రోలు ఖర్చు పంచుకుని తీసుకెళ్లడం అక్కడ మామూలే. క్రిస్మస్ సెలవులకు ఇంటికి రావాలనుకుంటే మాత్రం టికెట్టు కొనే ముందు ఒకటి చూసుకోండి. వీసా గడువు అయిపోయి, తియె కార్డు ఇంకా చేతికి రాకపోతే, తిరిగి దేశంలోకి రావడానికి పోలీసు ఆఫీసు నుంచి అనుమతి పత్రం కావాలి. దానికీ అపాయింట్‌మెంటు ఉంటుంది, నవంబరులోనే అడిగి పెట్టుకోండి.