కదలని అడుగులు

చైనా దేశపు దక్షిణభాగంలో గువాంగ్‌డాంగ్ రాష్ట్రం ఉంది. అక్కడి ఫోషాన్ పట్టణం యుద్ధవిద్యలకు పేరు పొందింది. ఆ ప్రాంతంలో పెంపొందిన విద్యలలో వింగ్ చున్ ఒకటి. ఒక సన్యాసిని ఒక యువతికి ఈ విద్య నేర్పిందనీ, ఆ యువతి పేరే విద్యకు వచ్చిందనీ కథ చెబుతారు. కథ అందమైనదే కాని, దానికి చారిత్రకమైన ఆధారాలు లేవు.

యుద్ధవిద్య అనగానే ఎగిరి తన్నడం, గాలిలో గిరికీలు కొట్టడం మనకు గుర్తుకు వస్తాయి. సినిమాల ప్రభావం అటువంటిది. వింగ్ చున్ నేర్వవచ్చిన విద్యార్థికి తొలిరోజున అవేవీ కనిపించవు. గురువు అతనిని నిలబడమంటాడు.

ఆ నిలబడటానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా పాదాలు దగ్గరగా చేర్చి, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళు కొద్దిగా వంచాలి. పిడికిళ్ళను రొమ్ముకు ఇరుపక్కలా నిలపాలి. మడమలు ఆనించి కాలివేళ్ళను బయటికి తిప్పాలి. తరువాత పాదాల ముందుభాగం ఆనించి మడమలను బయటికి తిప్పాలి. ఇప్పుడు బొటనవేళ్ళు లోపలివైపు చూస్తుంటాయి. చైనా లిపిలో రెండు అంకెను పైన పొట్టి గీత, కింద పొడవు గీత గీసి రాస్తారు. వేళ్ళ మధ్య తక్కువ దూరం, మడమల మధ్య ఎక్కువ దూరం ఉండటంవల్ల పాదాల అమరిక ఆ అక్షరాన్ని పోలి ఉంటుంది. మోకాళ్ళు మాత్రం మేకను నడుమ అదిమిపట్టినట్లు ఉండాలి. అందుకే ఈ భంగిమకు 'ఈ జీ కిమ్ యూంగ్ మా' అని పేరు. మేకను కాళ్ళమధ్య ఇరికించుకొని మందు తాగించేవారిని చూసిన పిల్లలకు ఈ పేరును వివరించనక్కరలేదు.

శరీరభారం రెండు కాళ్ళపైనా సమానంగా ఉండాలి. కొద్ది నిమిషాలకే తొడలు వణుకుతాయి. ఆ వణుకును ఓర్చుకోవచ్చు. మోకాలు నొప్పిపుడితే మాత్రం వెంటనే లేచి నిలబడాలి. కీళ్ళను బలవంతంగా లోపలికి తోయడం పౌరుషం కాదు, తెలివితక్కువ.

ఈ భంగిమలో నిలిచే మొదటి కదలికల వరుసను అభ్యసిస్తారు. దాని పేరు సియు నిమ్ తావ్. 'చిన్న ఆలోచన' అని అర్థం. వింగ్ చున్‌కు ఇవే ఓనమాలు. ఇందులో 108 కదలికలు ఉన్నాయని సాధారణంగా చెబుతారు. శాఖను బట్టి లెక్క మారుతుంది. వరుస పూర్తయ్యేవరకు విద్యార్థి ఒక్క అడుగైనా వేయడు. అడుగులు వేయడం, ఒళ్ళు తిప్పడం రెండవ వరుసలో వస్తాయి. కాళ్ళూ చేతులూ ఒకేసారి కదిలితే తప్పు ఎక్కడున్నదో విద్యార్థికి అంతుపట్టదు. కాళ్ళు నిలిస్తే చేతి తప్పు బయటపడుతుంది.

వరుసలోని మూడు భాగాలలో మొదటిది చాలా మెల్లగా సాగుతుంది. అరచేతిని పైకి తిప్పి, మోచేతిని శరీరపు మధ్యరేఖకు దగ్గరగా ఉంచి, చేతిని ముందుకు చాచాలి. తిరిగి అంతే మెల్లగా వెనుకకు తీసుకోవాలి. చూడటానికి సులభమే. చేయబోతే భుజాలు వాటంతటవే పైకి లేస్తాయి, ఊపిరి బిగుస్తుంది, మోచేయి పక్కకు జారుతుంది. వేగంగా చేస్తే ఈ లోపాలన్నీ దాగిపోతాయి. అందువల్లనే వేగం తరువాతి భాగాలకు వదిలిపెట్టారు.

ఈ విద్యను నేటి ప్రపంచానికి తెలిపినవారిలో ముఖ్యుడు యిప్ మాన్. ఆయన 1893లో ఫోషాన్‌లో జన్మించాడు. 1949లో హాంకాంగ్ చేరి, మరుసటి సంవత్సరం అక్కడి హోటల్ కార్మికుల సంఘంలో ఈ విద్య నేర్పడం మొదలుపెట్టాడు. తరువాత సినీనటుడుగా ప్రసిద్ధుడైన బ్రూస్ లీ, 1950వ దశకంలో ఆయనవద్ద చేరి ఈ వరుసతోనే ప్రారంభించాడు. 1972లో, మరణానికి కొద్దికాలం ముందు, యిప్ మాన్ చేసి చూపిన వరుసలను చలనచిత్రంగా తీశారు. అప్పటికి ఆయన వ్యాధితో బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఆ చిత్రంలోనూ ఆయన మోకాళ్ళు వంచి, వేళ్ళు లోపలికి తిప్పి, సియు నిమ్ తావ్ చేస్తూ కనిపిస్తాడు.