ఆ పాత మెషిన్‌ను అప్పుడే ఇచ్చేయకండి

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక 30 సెంట్ల దొడ్లో కొబ్బరి, నిమ్మ చెట్లున్నాయి. గడ్డి కోయడానికి మనుషులు దొరకడం లేదని విజయవాడలో పెట్రోలు బ్రష్ కట్టర్ కొన్నాం. బిల్లు 16,500 రూపాయలు. కార్డు మీద వారంటీ ఏడాది అని ఉంది. ఎనిమిదో నెలలో కోస్తూ ఉండగానే ఇంజన్ పట్టేసింది, తాడు లాగితే కదలడం లేదు. షాపుకు తీసుకెళితే, ‘‘ఆయిల్ కలపకుండా పెట్రోలు పోశారు, వారంటీ రాదు. రిపేరుకు 7,000 అవుతుంది. అంత పెట్టే బదులు దీన్ని మాకిచ్చేసి, పైన 13,500 కట్టి కొత్తది తీసుకెళ్లండి’’ అంటున్నారు. మావారు ఎప్పుడూ ఆయిల్ కొలిచే కలుపుతారు. రిపేరు చేయించాలా, కొత్తది తీసుకోవాలా?

జవాబు: అమ్మా, రిపేరా కొత్తదా అనే దానికన్నా ముందు తేలాల్సింది ఇంకొకటుంది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? షాపువాళ్లు చూపించిన రెండు దారుల్లోనూ డబ్బు మీదే పోతోంది. వారంటీ ఇంకా నాలుగు నెలలు ఉండగా మీరెందుకు పెట్టుకోవాలి? ఆ సంగతి తేలేదాకా మెషిన్‌ను ఎక్స్‌చేంజ్‌కి ఇవ్వకండి. ఇచ్చేస్తే కేసు అక్కడే సగం పోయినట్టు. రేపు మీ తరఫున చెప్పగలిగిన సాక్షి ఆ పాడైన ఇంజనే.

ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉండదు. పెట్రోల్లో కలిపిన 2టి ఆయిలే పిస్టన్ బోరుకు రాసుకోకుండా చూస్తుంది. లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలని కొన్ని కంపెనీలు, 40 కావాలని కొన్ని చెబుతాయి. మీ మెషిన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఏముంటే అదే మీకు లెక్క. ఆయిల్ పడకపోతే పిస్టన్ వేడెక్కి బోరును పట్టేస్తుంది. కాబట్టి షాపువాళ్లు చెప్పింది ఉత్త అబద్ధమని నేననను. చాలా బ్రష్ కట్టర్లు నిజంగా అలాగే పోతాయి. కానీ కార్బురేటర్ దగ్గరి గాస్కెట్ లీకై ఇంజన్ గాలి ఎక్కువగా లాగినా, కార్బురేటరే పెట్రోలు సరిగా అందించకపోయినా పిస్టన్ మీద ఇంచుమించు అలాంటి గీతలే పడతాయి. అప్పుడు తప్పు వాడినవాళ్లది కాకపోవచ్చు. ఇంజన్ విప్పకుండా, కౌంటర్ దగ్గర నిలబడి తాడు లాగి చూసి కారణం చెప్పేశారంటే ఆ మాటను మీరు తీర్పులా తీసుకోనక్కర్లేదు.

ట్యాంకులో పెట్రోలు మిగిలి ఉంటే పారబోయకండి. 2టి ఆయిల్‌కు తయారీలోనే రంగు కలుపుతారు కాబట్టి ఆయిల్ కలిపిన పెట్రోలుకూ మామూలు పెట్రోలుకూ రంగులో తేడా కనిపిస్తుంది. కొద్దిగా గాజు సీసాలోకి తీసి, వెలుతురులో ఫొటో తీసి, మూత బిగించి, పొయ్యికీ పిల్లలకూ దూరంగా పెట్టండి. వాడుతున్న ఆయిల్ డబ్బా, దాన్ని కొన్న చీటీ ఉంటే అవీ దాచండి. ‘‘ఆయిల్ కలపలేదు’’ అనే ఒక్క మాటకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

ఇంజన్ విప్పాలంటే మీ ఎదురుగానే విప్పమనండి. పిస్టన్‌కూ బోరుకూ ఫొటోలు తీసుకోండి. విప్పిన భాగాలు ఏ ఒక్కటీ అక్కడ వదలకండి. జాబ్ కార్డు మీద తేదీ, మెషిన్ నంబరు, వాళ్లు చెప్పే కారణం రాయించండి. రాసివ్వమని మొండికేస్తే అదే రోజు కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ గానీ వాట్సాప్ గానీ పెట్టి, ‘‘ఫలానా తేదీన మెషిన్ తెచ్చాను, వారంటీ రాదని నోటితో చెప్పారు, కారణం రాతపూర్వకంగా తెలపండి’’ అని అడగండి. వారంటీలోపు పాడైందని చూపించే బాధ్యత మీది. వారంటీ వర్తించకుండా చేసే తప్పు మీరు చేశారని అంటున్నది వాళ్లు కాబట్టి, ఆ సంగతి రుజువు చేయాల్సింది వాళ్లేనని మీరు గట్టిగా వాదించవచ్చు. ఆయిల్ ఎంత కలపాలో అమ్మేటప్పుడు చెప్పారా, పుస్తకం ఏ భాషలో ఇచ్చారు అన్నవీ అడగదగ్గ ప్రశ్నలే. చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాలతో అచ్చేసిన కాగితాన్ని పెట్టెలో పడేసి ‘‘చెప్పాం కదా’’ అనడం ఈ వ్యాపారంలో మామూలే.

ఇక చట్టం సంగతి. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 38 మీకు పనికొస్తుంది. వస్తువులో లోపం ఉందో లేదో పరీక్షిస్తే తప్ప తెలియదనిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ దాన్ని తగిన ప్రయోగశాలకు పంపవచ్చు. అక్కడి నుంచి నివేదిక 45 రోజుల్లో రావాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటుంది. పరీక్షకు అలాంటి చోటికి పంపమని మీ అర్జీలో కోరవచ్చు, ఎక్కడికి పంపాలన్నది కమిషన్ నిర్ణయం. పరీక్ష రుసుము ముందుగా మిమ్మల్ని కట్టమనే అవకాశం ఉంది. పదహారు వేల మెషిన్ మీద అది ఎంతవరకు గిట్టుబాటో కూడా చూసుకోవాలి. షాపువాళ్లు ఇంజన్ విప్పనే లేదని మీ మెయిల్‌లో నమోదై ఉంటే పరీక్ష దాకా పోకుండానే తేలే కేసులూ ఉంటాయి.

లోపం రుజువైతే ఏం వస్తుంది? సెక్షన్ 39 ప్రకారం కమిషన్ ఆ లోపం సరిచేయమనవచ్చు, కొత్త వస్తువు ఇవ్వమనవచ్చు, లేదా వడ్డీతో డబ్బు వెనక్కి ఇప్పించవచ్చు. పడిన ఇబ్బందికి నష్టపరిహారం విడిగా అడగవచ్చు. అయితే కొత్తది ఇవ్వడమే న్యాయమని చాలామంది అనుకుంటారు, అదే అడుగుతారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో ఒక కారు క్లచ్‌లో లోపం వస్తే, భాగం మారిస్తే సరిపోయేచోట బండి మొత్తం మార్చమనడం తగదని సుప్రీంకోర్టు చెప్పింది. వారంటీ కింద కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడం, లేదా మార్చడం. అందుకని అర్జీలో ‘‘వారంటీ కింద ఉచితంగా బాగుచేసి ఇవ్వాలి, అది సాధ్యం కాకపోయినా, బాగుచేశాక అదే లోపం మళ్లీ వచ్చినా కొత్తది ఇవ్వాలి లేదా డబ్బు వాపసు చేయాలి’’ అని వరుసగా అడగండి. బ్రష్ కట్టర్లో ఇంజన్ పోతే మిగిలేది గొట్టం, బ్లేడు, హ్యాండిలే. బోరు, పిస్టన్, క్రాంక్ అన్నీ మార్చాల్సి వస్తే కారు కేసు మాట ఇక్కడ అంతగా అతకదని మీరు వాదించవచ్చు. నా మట్టుకు అది నిలిచే వాదనే.

బిల్లు అడుగున ‘‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’’ అని అచ్చు వేసి ఉంటే బెదిరిపోకండి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపు, గడువే చెప్పకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే ఈ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. ఎనిమిది నెలలు గడిచాయి కాబట్టి మీ బలం ఈ 30 రోజుల నియమంలో లేదు, వారంటీ కార్డులో ఉంది.

మీరు ఇంటి దొడ్డికి కొన్నారు కాబట్టి వినియోగదారు అనడంలో తిరకాసు లేదు. పొలానికి కొన్నవాళ్లకు కూడా భయం అక్కర్లేదు. మన ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన విత్తనాల కేసులో, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద 2012లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు రైతును వినియోగదారుగానే చూసింది. ఒక్క మెషిన్ కొనుక్కుని ఊళ్లో తోటలకు కూలికి వెళ్లి గడ్డి కోసే కుర్రాడు కూడా స్వయం ఉపాధి కింద ఈ చట్టంలోకి వస్తాడు. పది మెషిన్లు, పది మంది పనివాళ్లతో కాంట్రాక్టు నడిపేవాళ్లకే ‘‘వాణిజ్య ప్రయోజనం’’ అనే అడ్డం వస్తుంది.

కేసు వేయడానికి విజయవాడ తిరగక్కర్లేదు. పాత చట్టంలో లేని సౌకర్యం ఇది: ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు, కాబట్టి మీకు గుంటూరు కమిషన్ సరిపోతుంది. చెల్లించిన ధర 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు. గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. షాపునూ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటూ కాలం గడిపేస్తారు. లాయరు తప్పనిసరి కాదు, కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది.

అయితే నా సలహా నేరుగా కేసుకు వెళ్లమని కాదు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని వినియోగదారుల చట్టంలో ఉన్నా వాయిదాలు పడతాయి. ఈలోపు మీ దొడ్లో గడ్డి ఆగదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి, ఆ తర్వాత స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. కౌంటర్ దగ్గర వినని కంపెనీలు కాగితం చేరాక ఫోన్ చేయడం నేను తరచూ చూస్తుంటాను.

వారంటీ దాటినవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు. అక్కడ లెక్క వేరు, డబ్బు ఎలాగూ మనదే. ప్లగ్గు, స్టార్టర్ తాడు, ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ శుభ్రం చేయడం లాంటి పనులకు కొత్త మెషిన్ కొనడం వృథా. వానాకాలం అయ్యాక పెట్రోలు ట్యాంకులోనే వదిలేసి మళ్లీ ఏడాది తీస్తే కార్బురేటర్ జిగురు పట్టి స్టార్ట్ కాదు. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను లాగుతుంది కాబట్టి ట్యాంకు ఖాళీ చేసి పెట్టుకోవడమే మంచిది. ఇంజన్ లోపలి పని వచ్చి రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మాత్రం నేను కొత్తదే కొనుక్కోమంటాను, అందులోనూ విడి భాగాలు దగ్గరలో దొరికే కంపెనీది. 2022 డిసెంబర్ 24న కేంద్రం ‘‘రైట్ టు రిపేర్’’ పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలూ దాని పరిధిలో ఉన్నాయి. మీ కంపెనీ అందులో ఉంటే సర్వీసు, విడి భాగాల వివరాలు చూసుకోవచ్చు. అది సమాచారం ఇచ్చే వేదిక మాత్రమే, విడి భాగాలు ఇచ్చి తీరాలనే చట్టం కాదు. బయట మెకానిక్ దగ్గర చేయించినా ఎంతవుతుందో ముందే రాయించుకోండి, మార్చిన పాత భాగాలు వెనక్కి తీసుకోండి. డబ్బు తీసుకుని చేసే రిపేరు కూడా వినియోగదారుల చట్టం దృష్టిలో సేవే. చేసిన పని చెడితే అతని మీదా ఫిర్యాదు చేయవచ్చు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. మెషిన్ పాడైతే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. తయారీ లోపం వల్ల బ్లేడు విరిగి ఎగిరి మనిషికి తగిలిందంటే అది ఉత్పత్తి బాధ్యత కిందికి వచ్చే పెద్ద కేసు. తయారుచేసిందెవరో తెలియని విదేశీ సరుకైతే ఇక్కడ అమ్మినవాడి మీదే దావా నడపవచ్చు. అలాంటప్పుడు రిపేరు మాటే ఎత్తకుండా, విరిగిన బ్లేడు ముక్కతో సహా ఆస్పత్రి కాగితాలు పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లాలి.

మీ విషయానికి వస్తే, నోటీసు అందాక షాపువాళ్లు బేరం తగ్గించి ‘‘ఇంకో అయిదు వేలు కట్టండి, కొత్తది ఇస్తాం’’ అనవచ్చు. ఒప్పుకోవాలనిపిస్తే ఒప్పుకోండి, తప్పు లేదు. కానీ కొత్త బిల్లు మీ పేరున, ఆ రోజు తేదీతో, కొత్త వారంటీ కార్డుతో తీసుకోండి. ‘‘ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’’ అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతారు. కొత్త మెషిన్‌కు అక్కడే పెట్రోలు, ఆయిల్ వాళ్ల చేతే కలిపించి, స్టార్ట్ చేయించి, ఎంత కలిపారో బిల్లు వెనక రాయించుకున్నాకే ఆ సంతకం పెట్టండి.